రెండో మనిషి కావాలి



జార్జ్ ఆర్వెల్ రాసిన '1984' నవల చదివి ముగించినవాళ్లు నాతో మొదట అనే మాట దాదాపు ఒక్కటే: భయమేసింది. ఎలుకల బోను ముఖం దగ్గరికి వచ్చే పేజీలో పుస్తకం మూసి పక్కన పడేశామన్నవాళ్లున్నారు. ఆ రాత్రి ఫోన్‌ని బోర్లా పెట్టి పడుకున్నామన్నవాళ్లూ ఉన్నారు. భయం సహజమే, తప్పు పట్టను. కానీ భయపడ్డాం కాబట్టి ఆ పుస్తకంతో మన లెక్క తీరిపోయిందనుకునేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఇవాళ మీ ముందుకు ఆ పేచీతోనే వచ్చాను.

ఆ నవలలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కుదిపిన చోటు ఆఫీసు క్యాంటీన్. ఓషియానియా దేశంలో చాక్లెట్ రేషన్ని వారానికి 30 గ్రాముల నుంచి 20 గ్రాములకు కోసేశారు. ఒక్క రోజు గడిచిందో లేదో, జనాన్ని కనిపెట్టి ఉండే తెర టెలిస్క్రీన్లో వార్త వచ్చింది: రేషన్ని 20 గ్రాములకు పెంచినందుకు దేశాధినేత పెద్దన్నకు ధన్యవాదాలు చెబుతూ జనం ఊరేగింపులు తీశారట! కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ తిండి ముందు కూర్చుని చుట్టూ చూస్తాడు. తోటి ఉద్యోగి పార్సన్స్ ఆ అబద్ధాన్ని గుటుక్కున మింగేశాడు. చదువుకున్నవాడు, భాషా పండితుడు సైమ్ కూడా లోపల ఏవో మెలికలు తిప్పుకుని మొత్తానికి మింగాడు. నిన్నటి సంగతి గుర్తున్నది తనొక్కడికేనా అని విన్‌స్టన్ కుమిలిపోతాడు.

సరే, కుమిలిపోయాడు. నోరు తెరిచి అడిగాడా? 'నిన్న 30 కదయ్యా' అని పక్కవాడి చెవిలోనైనా అన్నాడా? అనలేదు. అంటే ప్రాణం పోతుంది, అదీ నిజమే. అతను అనలేదు కాబట్టి ఆ గదిలో ఇంకెవరికైనా గుర్తుందో లేదో అతనికీ తెలియదు, మనకూ తెలియదు. పదిమందికి గుర్తుండి ఉండవచ్చు. పదిమందీ తలొంచుకుని తింటూ ఎవరికి వారు 'నాకొక్కడికే' అనుకుని ఉండవచ్చు. అక్కడ నాకు సిగ్గేసింది. ఎందుకంటే ప్రాణం పోయే ప్రమాదం ఏమీ లేని చోట కూడా ఆ తలొంచుకునే పని మనం రోజూ చేస్తున్నాం. రేషన్ షాపు ముందు వరసలో చేస్తున్నాం, ఆఫీసు మీటింగులో చేస్తున్నాం, గ్రామసభలో తీర్మానం చదివి సంతకాలు పెట్టించేటప్పుడు చేస్తున్నాం.

ఒక నిజం నిలబడాలంటే ఇద్దరు కావాలి. చెప్పేవాడొకడు, 'అవును, నేనూ చూశాను' అనేవాడొకడు. మొదటివాడు ఎక్కడో ఒకచోట ఎప్పుడూ పుడుతూనే ఉంటాడు. కరువంతా రెండోవాడికే. మీరంతా వీరులు కావాలని నేను అడగడం లేదు. వీరత్వం అందరివల్లా అయ్యే పని కాదు, నావల్ల అసలే కాదు. రెండో మనిషి కమ్మని అడుగుతున్నాను. అది అందరివల్లా అవుతుంది.

ఇది మనసులో పెట్టుకుని నవల మళ్లీ తిరగేయండి. ఆ ప్రభుత్వం ఇన్ని టెలిస్క్రీన్లు, ఇంతమంది పోలీసులు, నాలుగు మంత్రిత్వ శాఖలు పెట్టుకుని రాత్రింబవళ్లు శ్రమపడేది దేనికి? ఏ ఇద్దరూ ఒకరినొకరు నమ్మకుండా చేయడానికి. పార్సన్స్ సంగతే చూడండి. నిద్రలో పెద్దన్నకు వ్యతిరేకంగా ఏదో గొణిగాడు. ఏడేళ్ల కూతురు తాళం సందులోంచి విని వెళ్లి పోలీసులకు చెప్పేసింది. జైలు గదిలో విన్‌స్టన్‌కి కనబడినప్పుడు ఆ తండ్రికి కూతురి మీద కోపం లేదు. పిల్లని సరిగ్గా పెంచానని గర్వపడుతున్నాడు! ఎలుకల దగ్గర నా కళ్లు తడవలేదు, ఇక్కడ తడిశాయి. పార్సన్స్ చెడ్డవాడు కాదు. చందాలు వసూలు చేసేవాడు, జెండాలు కట్టేవాడు, ఎవరేం పని చెప్పినా చేసిపెట్టే మనిషి. మన వీధిలో కూడా ఉంటాడు.

విన్‌స్టన్‌ని ఎలుకలతో బెదిరించే గది 101 కూడా అంతే. అతన్ని హింసించే అధికారి ఓబ్రయన్‌కి విన్‌స్టన్ కేకలతో పనిలేదు, అవి అప్పటికే బోలెడు విన్నాడు. తన బదులు తను ప్రేమించిన జూలియాని ఆ ఎలుకల బోనుకి అప్పజెప్పమని విన్‌స్టన్ తన నోటితో తనే వేడుకోవాలి. ఆ మాట వచ్చిన క్షణంలో పని పూర్తయింది. ఆ తరువాత వాళ్లిద్దరూ పార్కులో కలుసుకున్నా పట్టించుకునే నాథుడు లేడు. ఎదురెదురుగా కూర్చున్నా వాళ్లిక ఇద్దరు కారు, ఒకరూ ఒకరూ.

విన్‌స్టన్ మీద నాకు జాలి ఉంది, ఫిర్యాదూ ఉంది. జనాభాలో 85 శాతం ఉన్న కూలి జనంలోనే ఏదైనా ఆశ ఉంటే ఉందని తన డైరీలో రాసుకుంటాడు. బాగానే ఉంది. ఆ జనం దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లాడు? ఒక సారాదుకాణంలో ఒక ముసలాయన్ని పట్టుకుని, విప్లవానికి ముందు బతుకు ఎలా ఉండేదని అడిగాడు. ముసలాయన టోపీల గురించీ బీరు కొలతల గురించీ చెప్పుకుపోయాడు. విన్‌స్టన్ విసుగెత్తి, వీళ్లకు జ్ఞాపకాలు లేవు, చెత్త తప్ప ఏమీ మిగల్లేదని తేల్చుకుని లేచిపోయాడు. అడిగింది ఒక్కరిని! మేడమీది కిటికీలోంచి బట్టలారేసే ఆవిడ పాట విని పొంగిపోతాడు తప్ప, కిందకి దిగి 'అమ్మా, మీ పేరేమిటి' అని అడగడు. పట్టుబడకపోయినా అడిగేవాడని నాకు నమ్మకం లేదు.

అడిగితే ఏం జరుగుతుందో హైదరాబాదులో కొందరు స్త్రీలు చేసి చూపించారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్లను స్త్రీశక్తి సంఘటన సభ్యులు వెతుక్కుంటూ వెళ్లారు. టేపు రికార్డరు ముందు పెట్టి గంటల తరబడి విన్నారు. చరిత్ర పుస్తకాల్లో ఒక పేరాకి కూడా నోచుకోని ఆ మాటలు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చయ్యాయి. ఆ ముసలాయన టోపీల గురించీ బీరు కొలతల గురించీ చెప్పినట్టే, ఆ తల్లులు కూడా మొదట వంట గురించీ చంటిపిల్లల గురించీ చెప్పి ఉంటారు. విన్నవాళ్లు విసుక్కోలేదు. తేడా అంతా అక్కడుంది.

ఈ నవల రాసినాయన మనకు అంత పరాయివాడు కాదు. 1903 జూన్ 25న బిహార్‌లోని మోతీహారిలో పుట్టాడు. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. తనూ 1922 నుంచి 1927 దాకా బర్మాలో బ్రిటిష్ ప్రభుత్వానికి పోలీసు అధికారిగా పనిచేశాడు. అంటే నవలలో మనిషి ముఖాన్ని తొక్కే బూటు ఉందే, దాన్ని కొన్నేళ్లు తన కాలికి తొడుక్కుని చూసినవాడు. యుద్ధకాలంలో బీబీసీలో కూర్చుని ఇండియాకి ప్రసారాలు చేశాడు, ముల్క్ రాజ్ ఆనంద్ వంటివాళ్లతో ప్రసంగాలు చెప్పించాడు. అక్కడ ప్రతి మాటా సెన్సారు దాటాకే మైకు దగ్గరికి వచ్చేది. క్షయతో ఊపిరితిత్తులు చెడిపోతుండగా జూరా దీవిలో ఒక పాత ఇంట్లో మంచం మీద కూర్చుని చివరి ప్రతిని తనే టైపు చేసుకున్నాడు. 1949 జూన్ 8న పుస్తకం వచ్చింది. 1950 జనవరి 21న, 46 ఏళ్ల వయసులో ఆయన పోయాడు.

ఇంత చెప్పి ఒక సంగతి దాచడం న్యాయం కాదు. పుస్తకం బయటికి రావడానికి నెల రోజుల ముందు, 1949 మే నెలలో, శానటోరియంలో ఉన్న ఈ ఆర్వెలే బ్రిటిష్ విదేశాంగశాఖ ప్రచార విభాగానికి 38 మంది పేర్లు రాసి పంపాడు. వాళ్లను పట్టుకొమ్మని కాదు, సోవియట్ వ్యతిరేక ప్రచారానికి వాళ్లను నమ్ముకోవద్దని చెప్పడానికి. ఆ జాబితా 2003లో బయటపడింది. ఆయన్ని సమర్థించేవాళ్లకు కారణాలున్నాయి, నేనూ చదివాను. అయినా పార్సన్స్ కూతురి కథ రాసిన చెయ్యే ఈ జాబితా కూడా రాసిందని తెలిసినప్పుడు గుండెలో కలుక్కుమంది. ఆయన్ని చిన్నచూపు చూడమని కాదు ఇది చెప్పడం. పక్కవాడి పేరు పై అధికారికి అందించాలన్న దురద ఎంత మంచివాడినైనా వదలదని, అందుకే రెండో మనిషి పనిలో ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలని.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. ఆర్వెల్ పుట్టినరోజు జూన్ 25 అన్నానా, 1975లో సరిగ్గా ఆ రాత్రే ఇందిరా గాంధీ ప్రభుత్వం ఎమర్జెన్సీ తెచ్చింది. కాకతాళీయమే, అందులో వెతకడానికేమీ లేదు. పత్రికల మీద ముందస్తు సెన్సారు పెట్టారు. జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం ఉండాల్సిన చోటు తెల్లగా వదిలేసి అచ్చయింది. ఎమర్జెన్సీ మీద విచారణకి 1977 ఎన్నికల తరువాత వేసిన షా కమిషన్ లెక్క ప్రకారం, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద, భారత రక్షణ చట్టం కింద జైళ్లలో పెట్టినవాళ్లు లక్షా పది వేల పైచిలుకు. ఏ జెండా కింద జరిగిందన్న ప్రశ్నని పక్కన పెట్టమనను. కానీ ఒక పార్టీని దెప్పడానికి మాత్రమే ఎమర్జెన్సీని గుర్తు చేసుకోవడం, మన పార్టీ అధికారంలో ఉన్నప్పుడు మరిచిపోవడం అనే అలవాటు మాత్రం మానుకోండి.

ఆ లక్షా పది వేలలో ఒకామె గురించి కాస్త నిదానంగా చెప్పాలి. 'ఫిడేలు రాగాల డజన్' రాసి తెలుగు కవిత్వాన్ని అల్లరిపెట్టిన నెల్లూరి పఠాభి తెలుసు కదా, తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. ఆయన భార్య స్నేహలతారెడ్డి. నాటకాల మనిషి. భర్త తీసిన కన్నడ చిత్రం 'సంస్కార'లో చంద్రి పాత్ర వేసింది ఈమే. సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌తో స్నేహం ఉందన్న కారణంగా, పేలుళ్ల కుట్ర అంటూ పెట్టిన బరోడా డైనమైట్ కేసు వంకతో 1976 మే నెలలో ఆమెను పట్టుకెళ్లారు. కేసులో చివరికి వేసిన చార్జిషీటులో ఆమె పేరే లేదు. పేరు లేకపోయినా మీసా కింద బెంగళూరు సెంట్రల్ జైల్లోనే ఉంచారు. ఆమెకు ఉబ్బసం. ఊపిరాడక రాత్రులు ఆమె పెట్టే కేకలు తనకు వినిపించేవని అదే జైల్లో ఉన్న సోషలిస్టు నాయకుడు మధు దండవతే తరువాత రాశారు. అంతటి జబ్బులోనూ తోటి ఆడఖైదీలను కొట్టడం మీద, వాళ్లకు పెట్టే తిండి మీద ఆమె జైలు అధికారులతో కొట్లాడింది. ఒంట్లో ఏమీ మిగలని స్థితిలో 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. 20వ తేదీన ఆమె పోయింది. ఆమెకప్పుడు యాభై కూడా నిండలేదు.

జైల్లో ఆమె డైరీ రాసుకుంది. విన్‌స్టన్ కూడా డైరీ రాశాడు, అతని అసలు నేరం అదే. ఎవరైనా ముట్టుకుంటే తెలుస్తుందని అట్టమీద ఒక తెల్లటి ధూళికణం పెట్టి ఉంచేవాడు. పోలీసులు ఆ డైరీని తీసి చదువుకుని, ధూళికణాన్ని కూడా జాగ్రత్తగా మళ్లీ అక్కడే పెట్టేవారు. ఆ డైరీని చదివింది వాళ్లు మాత్రమే. స్నేహలత డైరీని మనం చదవగలుగుతున్నాం. రాసిన కాగితాలను ఎవరో జాగ్రత్త చేశారు, ఎవరో బయటికి చేర్చారు, కర్ణాటకలోని మానవ హక్కుల కమిటీ 1977లోనే అచ్చు వేసింది. ఆ 'ఎవరో'ల పేర్లు మనకు అక్కర్లేదు. వాళ్లే నేను చెబుతున్న రెండో మనుషులు.

ఇప్పుడు ఒక చేదు లెక్క. 1977 మార్చిలో దేశం ఎమర్జెన్సీ ప్రభుత్వాన్ని దించేసిందని గర్వంగా చెప్పుకుంటాం. ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పార్టీ తరఫున నెగ్గారు. మన ఓటర్లు తెలివితక్కువవాళ్లని అనడం లేదు. ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గాయం పచ్చిగా ఉంది, ఇక్కడి కథ వేరు. కానీ ఇక్కడ ఏమీ జరగలేదా? 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు తూటాలకు చనిపోయారు. ఎదురుకాల్పులన్నారు, అదే అచ్చయింది. ఆ మాటను ప్రశ్నించడానికి మాజీ న్యాయమూర్తి వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఒక పౌరుల కమిటీ ఏర్పడింది. అందులో మన న్యాయవాది కె.జి. కన్నబిరాన్ పనిచేశారు. వాళ్లు సాక్షులను కలిసి, చూసినవాళ్ల మాటలు రాసుకుని, ఎదురుకాల్పుల కథ నిలబడదని నివేదిక ఇచ్చారు. అయితే అది జరిగింది ఎన్నికల తరువాత. ఓటు ముందు పడింది, నిజం వెనక వచ్చింది. ఆ రెంటి మధ్య ఉన్న ఖాళీ ఎవరిది? అప్పటి మన పెద్దలది. ఇవాళ్టి ఖాళీలు మనవి.

న్యాయస్థానం చూసుకుంటుందిలే అనుకునేవాళ్లకు ఒక మాట. విచారణ లేకుండా జైల్లో పెట్టిన మనిషి కోర్టు తలుపు తట్టవచ్చని 9 హైకోర్టులు చెప్పాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ధర్మాసనం నలుగురు ఒకవైపు ఒకరు ఒకవైపు అయి, తట్టకూడదని తేల్చింది. కాదన్న ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. మరుసటి ఏడు ఆయన సీనియారిటీని పక్కకు నెట్టి ఇంకొకరిని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆయన రాజీనామా చేసి ఇంటికెళ్లిపోయారు. 2017 ఆగస్టు 24న, గోప్యత హక్కు మీద తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఆ పాత తీర్పును కొట్టేసింది. దాన్ని కొట్టేస్తూ తీర్పు రాసింది జస్టిస్ డి.వై. చంద్రచూడ్. 1976లో ఆ నలుగురిలో ఒకరు ఆయన తండ్రి. ఖన్నా గారి పక్కన అత్యున్నత న్యాయస్థానంలో రెండో మనిషి నిలబడటానికి 41 ఏళ్లు పట్టింది! ఈలోగా 1978లోనే 44వ రాజ్యాంగ సవరణ వచ్చి, ఎమర్జెన్సీలో కూడా జీవించే హక్కును ఆపడానికి వీల్లేదని రాసింది కాబట్టి సరిపోయింది. ఆ సవరణ కోర్టు ఇచ్చింది కాదు. జైలుకెళ్లినవాళ్లు, వాళ్ల కోసం ఓటేసినవాళ్లు తెచ్చుకున్నది.

మరి మనమేం చెయ్యాలి? విన్‌స్టన్ ఉద్యోగం ఏమిటో గుర్తుందా? సత్య మంత్రిత్వ శాఖలో పాత పత్రికల్ని దిద్దడం. చాక్లెట్ రేషన్ తగ్గించబోమని ప్రభుత్వం ఇచ్చిన పాత హామీని, తగ్గించవలసి రావచ్చన్న హెచ్చరికగా మార్చింది అతని చెయ్యే. పాత కాగితం గోడలోని కన్నంలోంచి జారి కొలిమిలోకి పోతుంది. పైగా ఆ పని అతనికి ఇష్టం కూడాను! ఒకసారి ఓగిల్వీ అనే వీరుణ్ని, పుట్టనే పుట్టని మనిషిని, కాగితం మీద పుట్టించి చంపేసి మురిసిపోతాడు. ఇది చదివి మన పల్లెల్లో పనిచేసినవాళ్లెవరూ ఆశ్చర్యపోరు. ఉపాధి హామీ పనుల హాజరు మస్టర్లలో ఓగిల్వీలు కొల్లలు. చనిపోయినవాళ్లు మట్టి తవ్వారు, ఊళ్లో లేనివాళ్లు కూలి తీసుకున్నారు.

కానీ ఇక్కడ కన్నంలోకి పోకుండా ఆ కాగితాన్ని పట్టుకున్న చేతులున్నాయి. 2006లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి పనుల మీద సామాజిక తనిఖీ మొదలైంది. కూలీల కుటుంబాల నుంచే వచ్చిన చదువుకున్న పిల్లలు మస్టర్ల నకళ్లు చేతబట్టుకుని గడప గడపకీ వెళ్లారు. 'ఎన్ని రోజులు పనికెళ్లావమ్మా, ఎంత ముట్టింది' అని అడిగారు, రాసుకున్నారు, సంతకమో వేలిముద్రో తీసుకున్నారు. తరువాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ఎదుటే ఒక్కో పేరు పైకి చదివారు. అక్కడ ఒక కూలి మనిషి లేచి 'నేను ఆ పనికి పోలేదు, ఆ డబ్బు నాకు రాలేదు' అంటే వేలిముద్ర అబద్ధమని తేలిపోతుంది. అయితే ఒక్కరే లేచినప్పుడు మేస్త్రీ కళ్లెర్రజేస్తాడు, పక్క ఊరివాళ్లూ లేచినప్పుడు కుర్చీలో సర్దుకుంటాడు. ఆ తనిఖీలతో అవినీతి అంతా పోయిందని నేను చెప్పను, దొరికిన డబ్బంతా వెనక్కి రాలేదు కూడా. అయినా లంచమిచ్చి రాయించిన అంకె జనం మధ్య గట్టిగా చదివేసరికి నిలవలేకపోవడం మనవాళ్లు కళ్లారా చూశారు. ఆర్వెల్ ఊహకు అందనిది అది.

అందుకని అడుగుతున్నాను. మీ ఊళ్లో ఏ పథకం జాబితా గోడకి అంటించినా ఒంటరిగా చదివి వెళ్లిపోకండి. ఇంకొకరిని పిలిచి, గట్టిగా చదివించి, ఫోటో తీసి దాచండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. పది రూపాయలు మించని రుసుము, 30 రోజుల గడువు. ఒక్కరి పేరున దరఖాస్తు పెడితే ఆ ఒక్కరినే బెదిరిస్తారు. అదే ప్రశ్నను వీధిలో ఐదుగురు వేర్వేరుగా అడగండి. ఎవరిని బెదిరించాలో వాళ్లే తేల్చుకోలేరు.

నవలలో రెండు నిమిషాల ద్వేషం అని ఒక తతంగం ఉంటుంది. తెర మీద శత్రువు ముఖం వేస్తారు, అందరూ ఊగిపోతూ తిడతారు. నటించాలని కూర్చున్నవాడు కూడా అర నిమిషంలో నిజంగానే ఊగిపోతాడు. మన జేబులో ఆ తెర రోజుకి రెండు నిమిషాలతో ఆగడం లేదు. కుటుంబం గ్రూపులో ఒక వీడియో వస్తుంది, ఫలానా కులంవాళ్లు, ఫలానా మతంవాళ్లు, ఫలానా ఊరివాళ్లు ఇలా చేశారని. మామయ్య పంపాడు కదా అని ఊరుకుంటాం. మామయ్యతో తగువు పెట్టుకోమనను. 'మామయ్యా, ఇది ఎవరు చూశారు, ఎప్పటిది' అని ఒక్క మాట గ్రూపులోనే అడగండి. మీరు అడిగితే, అడగలేక ఊరుకున్న మరదలో బావమరిదో తరువాత మీకు విడిగా మెసేజ్ పెడతారు. పెట్టినప్పుడు వాళ్లకి చెప్పండి, ఈసారి అక్కడే రాయమని.

పిల్లల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. ఎవరు మాట్లాడారో పేర్లు బోర్డు మీద రాయమని క్లాసు లీడర్‌కి సుద్దముక్క ఇచ్చే అలవాటు మన బడుల్లో ఇంకా ఉంది. చిన్న విషయమే. కానీ పార్సన్స్ కూతురు ఒక్కరోజులో తయారవలేదు.

గ్రంథాలయాల బాధ్యత చూసేవాళ్లతో ప్రత్యేకంగా ఒక మాట. నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద సభ పెట్టుకోవాలన్నా ముందు అనుమతి కావలసిన రోజుల్లో, మన తాతలు గ్రంథాలయం పేరు మీద కలుసుకున్నారు. హైదరాబాదులో 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టుకున్నారు. వాళ్లకి పుస్తకం ఎంత ముఖ్యమో, పుస్తకం నెపంతో నలుగురు ఒకచోట కూర్చోవడం అంత ముఖ్యం. మీ పఠన మందిరంలో ఇవాళ పోటీ పరీక్షల పిల్లలు మౌనంగా, ఎవరి పుస్తకం వాళ్లు చదువుకుంటున్నారు. వాళ్ల చదువుకి అడ్డం రావద్దు. నెలకొక సాయంత్రం మాత్రం ఆ మౌనం చెరపండి. '1984' లాంటి పుస్తకం ఒకటి అందరూ చదివి వచ్చి, ఎవరికెక్కడ భయమేసిందో, ఎవరికెక్కడ సిగ్గేసిందో పైకి చెప్పుకోవాలి. ఒంటరిగా చదివిన భయం మనిషిని ఇంకా లోపలికి నెడుతుంది. నలుగురిలో చెప్పుకున్న భయానికి చెయ్యాల్సిన పని దొరుకుతుంది.

చివరిగా అన్నిటికన్నా కష్టమైనది. మీ వీధిలో ఎవరినో పోలీసులు తీసుకెళ్లారన్న కబురు వస్తుంది. అతను మంచివాడో చెడ్డవాడో మీకు తెలియదు. మీ కులం కాకపోవచ్చు, మీ పార్టీ కాకపోవచ్చు. తలుపు వేసుకుని టీవీ గొంతు పెంచాలనిపిస్తుంది. ఆ క్షణంలో ఇది గుర్తు తెచ్చుకోండి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, తరువాత చట్టంలోకీ ఎక్కింది: అరెస్టు చేసినప్పుడు పోలీసులు మెమో రాయాలి, దాని మీద కనీసం ఒక సాక్షి సంతకం ఉండాలి. ఆ సాక్షి అతని కుటుంబంలో మనిషి కావచ్చు, ఆ ప్రాంతంలోని పెద్దమనిషి కావచ్చు. అంటే రెండో మనిషి కోసం చట్టమే ఒక చోటు ఉంచింది. అతను నిర్దోషి అని మీరు హామీ ఇవ్వనక్కర్లేదు, అది కోర్టు తేలుస్తుంది. ఫలానా రోజు, ఫలానా వేళ, ఇతన్ని ఇక్కడి నుంచి తీసుకెళ్లారు, ఒంటి మీద దెబ్బలు లేవు, నేను చూశాను అని చెబితే చాలు. ఒంటరిగా వెళ్లకండి, పక్కింటాయన్ని కూడా లేపండి. చొక్కా వేసుకుని బయటికి రండి. మెమో చూపించమని మర్యాదగా అడగండి, అందులో రాసిన టైమును మీ గడియారంతో సరిచూసుకోండి. సరిగ్గా ఉంటే మీ పేరు, ఇంటినంబరు చదవడానికి వీలుగా రాసి సంతకం పెట్టండి. సరిగ్గా లేకపోతే సరిచేసేదాకా అక్కడే నిలబడండి.